ఇంటికీ పండగకీ ఒకే కెమెరా: మెగాపిక్సెళ్లు కాదు, మీ హాలులో వెలుగు చూసుకోండి

మాస్టారూ, మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెబుతాను, మిగతావాళ్లకు కూడా విషయం తెలుస్తుంది. మీరు రాజాం దగ్గర పల్లెలో టీచరు. ఇద్దరు చిన్నపిల్లలు. వాళ్ల ఫొటోలు, బడిలో ఫంక్షన్లు, ఊరి అమ్మవారి పండగ, విజయనగరం సిరిమానోత్సవం, చలికాలంలో తేలినీలాపురం పక్షులు, వీటన్నిటికీ ఒక కెమెరా కావాలి. బడ్జెట్ 60 వేలు. ఆన్‌లైన్‌లో 48 మెగాపిక్సెళ్ల కెమెరా 6 వేలకే కనిపిస్తోంది, కంపెనీ కెమెరా 24 మెగాపిక్సెళ్లే ఉండి దానికి పది రెట్లు ధర చెబుతున్నారు, ఈ తేడా ఏమిటి అని అడిగారు. చాలా ఏళ్లుగా విజయనగరంలో ఫొటోలు తీయడమూ కెమెరాలు బాగుచేయడమూ నా పని కాబట్టి, కొనేటప్పుడు జనం చూసేదేమిటో, కొన్నాక నా బల్ల మీదకు వచ్చేదేమిటో రెండూ తెలుసు.

ముందు ఆ 6 వేల కెమెరా సంగతి. పేరున్న కంపెనీది కాదు, పెట్టె మీద పెద్ద అక్షరాలతో 48 మెగాపిక్సెళ్లు, 4కే, 16 ఎక్స్ జూమ్ అని ఉంటుంది. ఆ జూమ్ డిజిటల్ జూమ్, అంటే తీసిన ఫొటోలో మధ్య ముక్కను కత్తిరించి సాగదీయడం. మెగాపిక్సెళ్లదీ చాలావరకు అదే కథ. లోపల చిన్న సెన్సర్ (వెలుగును బొమ్మగా మార్చే పలక) ఇచ్చిన బొమ్మనే సాఫ్ట్‌వేర్ పెద్దది చేసి చూపిస్తుంది. మీ చేతిలో ఉన్న ఫోను దానికంటే మంచి ఫొటో తీస్తుంది. అది కొనకండి, ఎవరైనా బహుమతిగా ఇస్తే పిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వండి.

ఎన్ని మెగాపిక్సెళ్లు కావాలో మనమే లెక్కవేసుకోవచ్చు. మెగాపిక్సెల్ అంటే ఫొటోలో పది లక్షల చుక్కలు. మంచి ప్రింటుకు అంగుళానికి 300 చుక్కలు కావాలంటారు. స్టూడియోల్లో వేసే 12 × 18 అంగుళాల ఆల్బమ్ పేజీకి 3600 × 5400, అంటే 19.4 మెగాపిక్సెళ్లు. గోడకు తగిలించే 8 × 12 ఫొటోకు 8.6 చాలు. వాట్సాప్‌లో పెట్టారంటే అది ఎలాగూ కుదించేస్తుంది. మీ బడ్జెట్ దరిదాపుల్లో దొరికే మంచి కెమెరాలకు 20 నుంచి 24 ఉంటాయి. కాబట్టి ఈ విషయం ఇక మర్చిపోండి.

చూడాల్సింది సెన్సర్ ఎంత పెద్దది, లెన్స్ ఎంత వెలుగును లోపలికి రానిస్తుంది అన్న రెండే. చవక పాకెట్ కెమెరాల్లో ఉండే సెన్సర్ సుమారు 6.2 × 4.6 మిల్లీమీటర్లు, కందిగింజంత. ఏపీఎస్-సీ అనే రకం సెన్సర్ సుమారు 23.5 × 15.6 మిల్లీమీటర్లు, కెనాన్‌లో కొంచెం తక్కువ. వైశాల్యంలో పన్నెండు పదమూడు రెట్లు తేడా. దానికంటే పెద్దదైన ఫుల్‌ఫ్రేమ్ 36 × 24, కానీ దాని బాడీలూ (లెన్స్ తీసేస్తే మిగిలే కెమెరా) లెన్సులూ మీ బడ్జెట్‌కు అందవు, మీ పనికి అవసరం కూడా లేదు. మీకు ఏపీఎస్-సీ సరైనది.

ఇక్కడ చాలామంది ఆగిపోతారు. బాడీకి డబ్బంతా పెట్టి, దాంతో వచ్చే కిట్ లెన్స్‌తోనే ఇంట్లో ఫొటోలు తీసి, ఫోనే నయం అని కెమెరాను బీరువాలో పెట్టేస్తారు. వాళ్లది తప్పు కాదు. కిట్ లెన్స్ జూమ్ చేశాక దాని అపెర్చర్, అంటే వెలుగు లోపలికి వచ్చే రంధ్రం నంబరు, 5.6 దగ్గరో 6.3 దగ్గరో ఉంటుంది. ఈ నంబరు ఎంత పెద్దదైతే లోపలికి వచ్చే వెలుగు అంత తక్కువ. రాత్రిపూట ఒక ట్యూబ్‌లైటు వెలుగుతున్న హాలులో ఐఎస్‌ఓ 1600 (వెలుగును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే నంబరు) పెట్టి 5.6 తో తీస్తే షట్టర్ వేగం, అంటే ఒక ఫొటోకు వెలుగు లోపలికి పడే సమయం, 1/15 సెకను చుట్టుపక్కల వస్తుంది. అంతసేపట్లో పిల్లాడు తల తిప్పేస్తాడు, ముఖం చెదిరిపోతుంది. అదే హాలులో, అదే ఐఎస్‌ఓకు 1.8 లెన్స్ పెడితే 1/150 వస్తుంది. వెలుగు దాదాపు పది రెట్లు. కూర్చుని బొమ్మలేసుకుంటున్న పిల్లలకు అది చాలు. పరుగెత్తే పిల్లలకు 1/500 కావాలి, దానికి ఐఎస్‌ఓ ఇంకా పెంచాలి, పెద్ద సెన్సర్ ఉంది కాబట్టి 6400 దాకా పెంచినా ఫొటో పాడవదు.

స్టెబిలైజేషన్ ఉంటే సరిపోదా అని దుకాణంలో అంటారు. అది మీ చెయ్యి వణుకును సరిచేస్తుంది, పిల్లాడి కదలికను ఆపలేదు. ఫోనులోని నైట్ మోడ్‌కూ ఇదే చిక్కు. అది వరసగా చాలా ఫ్రేములు తీసి కలుపుతుంది, కదలని గుడి గోపురం అద్భుతంగా వస్తుంది, ఆ గోపురం ముందు ఘటాలు ఎత్తుకుని నడుస్తున్న ఆడవాళ్లు మసకగా వస్తారు.

పగటి వెలుగులో, జూమ్ అవసరం లేని చోట మాత్రం కొత్త ఫోనుకూ కెమెరాకూ తేడా మామూలు కంటికి కనపడదు. బడి ఆవరణలో జెండా వందనం ఫొటోకు కెమెరా కొనక్కర్లేదు. మీరు డబ్బు పెట్టేది మూడు పనుల కోసం: తక్కువ వెలుగులో కదిలే మనుషులు, దూరంగా ఉన్నవి, తర్వాత పెద్దగా ప్రింటు వేసుకునేవి.

ఇప్పుడు మోడళ్లు. అద్దం ఉండే పాత డీఎస్‌ఎల్‌ఆర్‌లకు కంపెనీలు కొత్త లెన్సులు తేవడం దాదాపు మానేశాయి, దృష్టంతా అద్దం లేని మిర్రర్‌లెస్ మీదే. కొత్తది కొంటే మిర్రర్‌లెస్సే కొనండి. కెనాన్ ఆర్50 2023లో వచ్చింది, 24.2 మెగాపిక్సెళ్లు, బ్యాటరీతో కలిపి 375 గ్రాములు. కంటిని వెతికి పట్టుకుని ఫోకస్ చేసే పద్ధతి అందులో చాలా బాగుంటుంది. పిల్లల ఫొటోలకు ఇది నిజంగా పనికొచ్చే సౌకర్యం, ప్రకటన కోసం పెట్టింది కాదు. కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ ఉంది, చిన్న ఫ్లాష్ ఉంది, స్క్రీన్ అన్ని వైపులా తిరుగుతుంది. దాని తమ్ముడు ఆర్100 చవక. కానీ స్క్రీన్ కదలదు, టచ్ కూడా లేదు. ఫోను అలవాటైన చేతికి ఇది రోజూ చిరాకు పెడుతుంది. ధర తక్కువని తీసుకుని, మళ్లీ అమ్మేద్దామని వచ్చేవాళ్లను చూస్తుంటాను.

నికాన్ జడ్30, సోనీ జడ్‌వీ-ఈ10 కూడా మంచి కెమెరాలే, వీడియోలు తీసేవాళ్లకు ఇంకా మంచివి. రెండింటికీ వ్యూఫైండర్ లేదు. ఎండలో స్క్రీన్ మీద ఏముందో కనపడక అరచెయ్యి అడ్డం పెట్టుకుని తీసే బాధ మన దగ్గర ఏడాదిలో ఎక్కువ నెలలు ఉంటుంది. యూట్యూబ్ ఛానల్ పెట్టే ఆలోచన లేకపోతే మీకు వ్యూఫైండర్ ఉన్నదే కావాలి.

ఆర్50 ఒక్క కిట్ లెన్స్‌తో కొంటేనే మీ 60 వేలూ దాదాపు అయిపోతాయి. దాంతో వచ్చే 18-45 లెన్స్ అపెర్చర్ 4.5 నుంచి 6.3, అంటే ఇందాక చెప్పిన ఇబ్బంది అలాగే ఉంటుంది. బడ్జెట్ కొంచెం పెంచగలిగితే, లేదా ఆరు నెలల తర్వాత ఒక లెన్స్ కొనగలిగితే ఆర్50 తీసుకోండి. లెన్స్ పేరులో ఎంఎం నంబరు ఎంత పెద్దదైతే దూరానివి అంత దగ్గరగా కనిపిస్తాయి, ఫొటోలో అంత తక్కువ చోటు పడుతుంది; దాని పక్కన నంబరు అపెర్చర్. కెనాన్‌లో అందరూ చెప్పే 50 ఎంఎం 1.8 చవకే, కానీ ఏపీఎస్-సీ బాడీ మీద అది 80 ఎంఎంలా పనిచేస్తుంది. మన హాళ్లలో గోడకు ఆనుకుని నిల్చున్నా ఒక్క మనిషి మొహం తప్ప పట్టదు. పుట్టినరోజు కేకు, చుట్టూ పిల్లలు, వెనక అమ్మమ్మ, ఇదంతా రావాలంటే 24 నుంచి 35 మధ్య ఉండాలి. కెనాన్‌కు 28 ఎంఎం 2.8 ఉంది, చిన్నది, తేలిక. కిట్ లెన్స్ చివరి అంచుతో పోలిస్తే అయిదు రెట్లు వెలుగు. ఇంకా వెలుగు కావాలంటే సిగ్మా 30 ఎంఎం 1.4 ఉంది, ధర మాత్రం ఎక్కువ. నికాన్ జడ్ బాడీలకు 24 ఎంఎం 1.7 ఉంది.

60 వేలు దాటడం కుదరదంటే నా ఓటు సెకండ్ హ్యాండ్ నికాన్ డీ5600 కు. పాత కెమెరా అని తీసిపారేయకండి. 24.2 మెగాపిక్సెళ్లు, తిరిగే టచ్ స్క్రీన్, కంపెనీ లెక్క ప్రకారం ఒక ఛార్జికి 970 ఫొటోలు. దానికి డీఎక్స్ 35 ఎంఎం 1.8జీ అనే లెన్స్ ఉంది. ఇంటి ఫొటోలకు దానంత ధరకు తగ్గ లెన్స్ ఇంకోటి నాకు తెలియదు. మిగిలిన డబ్బుతో ఏఎఫ్-పీ 70-300 కూడా సెకండ్ హ్యాండ్‌లో చూసుకోవచ్చు. ఒక జాగ్రత్త: డీ5600 బాడీలో ఫోకస్ మోటారు లేదు. చవగ్గా వస్తుందని పాత 50 ఎంఎం 1.8డీ కొంటే చేత్తో తిప్పి ఫోకస్ చేసుకోవాల్సిందే. పేరులో ఏఎఫ్-ఎస్ అనో ఏఎఫ్-పీ అనో ఉన్నదే తీసుకోండి. స్క్రీన్ చూస్తూ తీస్తే దీని ఫోకస్ నెమ్మది, వీడియోలో ఆర్50 కి సాటి రాదు, అది ఒప్పుకుని కొనండి.

కెనాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌లలో 1500డీ ఎక్కువ అమ్ముడుపోయింది, సెకండ్ హ్యాండ్‌లో ఎక్కడ చూసినా అదే. అందులో ఫ్లాష్ పెట్టే చోట మధ్య పిన్ను తీసేశారు, మార్కెట్లో దొరికే చవక మాన్యువల్ ఫ్లాష్‌లు దాని మీద వెలగవు. ఇది తెలియక ఫ్లాష్ పాడైందని పట్టుకొస్తుంటారు.

ఫ్లాష్ అన్నాను కాబట్టి ఒక మాట. తల తిప్పగలిగే ఫ్లాష్‌ను మనిషి మీదకు కాకుండా శ్లాబు వైపు తిప్పి కొడితే, సున్నం వేసిన తెల్లటి శ్లాబు నుంచి వెలుగు మెత్తగా కిందికి దిగుతుంది. స్టూడియో లైటు పెట్టినట్టే ఉంటుంది. పెంకుటింట్లో ఈ పని కుదరదు, వెలుగంతా దూలాల్లోకి పోతుంది. అక్కడ పక్కన ఉన్న తెల్లగోడకు కొట్టాలి. బాడీ మీద లేచే చిన్న ఫ్లాష్ నేరుగా మొహాన కొడుతుంది, దాన్ని రాత్రిళ్లు అత్యవసరానికే వాడండి.

సెకండ్ హ్యాండ్ చూసేటప్పుడు టార్చిలైటు పట్టుకెళ్లండి. లెన్స్ వెనక నుంచి వెలుగు వేసి ముందు నుంచి ఏటవాలుగా చూడండి. సాలెగూడు పోగుల్లా, మంచు పట్టినట్టు తెల్లగా కనిపిస్తే ఫంగస్ (బూజు), ఎంత తగ్గించినా వద్దు. రెండు మూడు దుమ్ము రేణువులుంటే ఫరవాలేదు. తర్వాత అపెర్చర్ 16 పెట్టి ఆకాశాన్ని ఒక ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. నల్ల చుక్కలు కనిపిస్తే సెన్సర్ మీద దుమ్ము ఉన్నట్టు, అది శుభ్రం చేస్తే పోతుంది, గీత ఉంటే పోదు. షట్టర్ ఎన్నిసార్లు పడిందో నికాన్ ఫొటో ఫైల్‌లోనే ఉంటుంది, తీసిన ఫొటోను ఇంటికి తెచ్చుకుని చూడొచ్చు. పెళ్లిళ్లకు వాడిన కెమెరాకు ఆ సంఖ్య లక్ష దాటి ఉంటుంది. ఇంట్లో వాడినది వేలల్లోనే ఉంటుంది. అలాంటిది దొరికేదాకా ఆగండి. అసలు బిల్లు, బాడీ మీద సీరియల్ నంబరు కలవాలి. బిల్లు పోయింది అంటే బేరం మానేయండి, దొంగ సరుకు అయితే తలనొప్పి మీకే.

కొత్తది కొన్నా ఇదే. పక్కా జీఎస్‌టీ బిల్లు, పెట్టె మీద నంబరూ బాడీ మీద నంబరూ ఒకటేనా, వారంటీ ఇండియాదేనా అని చూసుకోండి. బిల్లు లేకుండా అయితే ఇంత తగ్గిస్తాం అనేవి బయటి దేశాల నుంచి దొడ్డిదారిన వచ్చినవి, వాటికి ఇక్కడి కంపెనీ సర్వీసు దక్కదు.

ఇప్పుడు మీరు అడగని విషయం, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది. మన జిల్లాలు సముద్రపు గాలి తగిలే జిల్లాలు. నా బల్ల మీదకు వచ్చే లెన్సుల్లో పగిలినవి తక్కువ, ఫంగస్ పట్టినవి ఎక్కువ. అవన్నీ వాడి పాడుచేసినవి కావు, వాడకుండా దాచి పాడుచేసినవి. తోలు సంచిలో పెట్టి, బీరువాలో చీరల మధ్య దాచి, పైగా కలరా ఉండలు వేస్తారు. చీకటి, గాలి ఆడకపోవడం, తేమ, ఫంగస్‌కు కావలసినవన్నీ అక్కడే ఉన్నాయి. తోలు తేమను పట్టి ఉంచుతుంది. కలరా ఉండలూ కర్పూరమూ ఉన్నచోట కెమెరా పెట్టవద్దని కంపెనీల మాన్యువల్‌లోనే ఉంటుంది. ఆ ఆవిరి లోపలి భాగాలను దెబ్బతీస్తుంది.

చేయాల్సింది ఖర్చులేని పని. మూత బిగుతుగా పడే ప్లాస్టిక్ డబ్బా, వంటింట్లో పిండి పోసుకునే రకం చాలు. అందులో తేమ పీల్చే సిలికా జెల్ గింజల పొట్లాలు, చిన్న తేమ మీటరు. మీటరు 40 నుంచి 50 శాతం మధ్య చూపిస్తే నిశ్చింత. 60 దాటి రోజుల తరబడి ఉంటే ఫంగస్ మొదలవుతుంది, వర్షాకాలంలో డబ్బా బయట ఇంట్లో గాలి అంతకంటే ఎక్కువే ఉంటుంది. గింజల రంగు మారితే తేమ నిండిందని గుర్తు. నీలం రకం గులాబీ రంగుకు తిరుగుతుంది. దాన్ని సన్నని సెగ మీద వేడిచేస్తే మళ్లీ పనిచేస్తుంది. కానీ ఆ నీలం రంగుకు వాడే కోబాల్ట్ మందు విషం, వంట మూకుడులో వేయించకండి, పిల్లలకు అందనివ్వకండి. నారింజ రంగు రకం దొరికితే అదే మేలు. బియ్యంలో పెడతామంటారు కొందరు, బియ్యపు పొడి లెన్సులోకి వెళ్లడం తప్ప లాభం లేదు. డబ్బాలో పెట్టినా పది పదిహేను రోజులకోసారి బయటికి తీసి నాలుగు ఫొటోలు తీయండి.

ఏసీ గదిలో ఉన్న కెమెరాను ఉక్కపోతలోకి తెస్తే లెన్స్ మీద చెమట పడుతుంది. బయటికి వెళ్లే ముందే జిప్ కవరులో వేసి మూసేసి, వేడికి అలవాటు పడ్డాక కవరు తీయాలి. బారువ, కళింగపట్నం తీరానికి తీసుకెళ్లారా, అక్కడ లెన్స్ మార్చకండి. ఇంటికొచ్చాక బాడీని కొంచెం తడిపి గట్టిగా పిండిన గుడ్డతో తుడవండి. లేకపోతే ఉప్పు బటన్ల సందుల్లో పేరుకుంటుంది. ఇసుక పడితే ముందు బ్లోయరుతో ఊదాలి, తుడిస్తే గీతలు పడతాయి. కిట్ లెన్స్ తిప్పుతుంటే కరకర చప్పుడు వచ్చిందంటే ఇసుక గొట్టంలోకి చేరినట్టే. ఇంకా తిప్పకుండా బాగుచేసేవాళ్లకు ఇవ్వండి.

పైడితల్లి అమ్మవారి సిరిమానుకు వెళ్లినప్పుడు జూమ్ లెన్స్‌ను ఇంటి దగ్గరే కెమెరాకు బిగించుకుని బయల్దేరండి, ఆ జనంలో మార్చే వీలుండదు. పూజారి కూర్చునే పొడవాటి మాను, అదే సిరిమాను, మూడు లాంతర్ల దగ్గర గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది కాబట్టి మొదటిసారి తప్పినా మళ్లీ వస్తుంది. పైన కూర్చున్న పూజారి వెనక అంతా ఆకాశమే. కెమెరా ఆ వెలుగును చూసి భయపడి ఆయన మొహాన్ని నల్లగా తీస్తుంది. ప్లస్-మైనస్ గుర్తున్న బటనుతో వెలుగును ప్లస్ 1 దాకా పెంచి తీయండి. షట్టర్ 1/500 కు తగ్గనివ్వకండి. లెన్స్ ముందు బిగించే తొడుగు, హుడ్, తప్పనిసరి. భక్తులు సిరిమాను మీదకు అరటిపండ్లు విసురుతారు, గురి తప్పినవి ఎక్కడ పడతాయో చెప్పక్కర్లేదు.

తేలినీలాపురానికి పెలికాన్లూ పెయింటెడ్ స్టార్క్ కొంగలూ వచ్చేది వర్షాకాలం వెళ్లే రోజుల్లో, వేసవి ముదిరే ముందు వెళ్లిపోతాయి. చెట్ల మీద గూళ్లు కడతాయి, పక్షులు కూడా పెద్దవే, కాబట్టి 300 ఎంఎం లెన్స్‌తో మంచి ఫొటోలే వస్తాయి. ఏపీఎస్-సీ మీద నికాన్ 300 అంటే 450 కింద లెక్క. కెనాన్ 55-210 అయితే 336 దగ్గర ఆగుతుంది, గూడు బాగా వస్తుంది, కన్ను రాదు. ఎగిరే పక్షికి 1/2000 పెట్టండి, పొద్దున్నే వెళ్తే వెలుగు మెత్తగా ఉంటుంది. పక్షుల మీదే మోజైతే నికాన్ పీ950 లాంటి 83 రెట్ల జూమ్ కెమెరా ఉంది, కానీ దాని సెన్సర్ ఆ కందిగింజ సైజుదే, మీ ట్యూబ్‌లైటు హాలులో చేతులెత్తేస్తుంది.

మెమరీ కార్డు 64 జీబీ, మీద వీ30 అని ఉన్నది, పేరున్న కంపెనీది, బిల్లుతో కొనండి. నకిలీవి చాలా తిరుగుతున్నాయి. పైన 128 అని రాసి లోపల 8 ఉంటుంది, అది నిండాక తీసిన ఫొటోలు తెరుచుకోవు. కొన్న రోజే కంప్యూటరులో దాన్ని పూర్తిగా నింపి, ఫైళ్లు తెరిచి చూసుకుంటే బయటపడుతుంది. ఆర్50 కొంటే రెండో బ్యాటరీ కంపెనీదే కొనండి, చవకవి ఉబ్బి లోపలే ఇరుక్కుంటాయి. లెన్స్ ముందు బిగించే యూవీ ఫిల్టరు అద్దం అంటగడతారు, బీచ్‌కు వెళ్లేటప్పుడు తప్ప అక్కర్లేదు.

మొదటి నెల ఆటోలోనే తీయండి, సిగ్గుపడేదేం లేదు. తర్వాత డయల్ మీద ‘ఏ’ లేదా ‘ఏవీ’ పెట్టి, అపెర్చర్ అన్నిటికంటే చిన్న నంబరుకు దించి, ఆటో ఐఎస్‌ఓలో కనీస షట్టర్ వేగం 1/250 అని పెట్టుకోండి. డీ5600 లో ఈ సదుపాయం మెనూలో ఉంది, ఆర్50 అయితే మాన్యువల్ చూసుకోండి. ఇంట్లో పిల్లల ఫొటోలకు ఇంతకుమించి ఏమీ మార్చక్కర్లేదు.

ఫ్లాష్ ఏది కొనాలో ఇప్పుడే చెప్పను. మీది శ్లాబు ఇల్లా, పెంకుటిల్లా, గోడలకు ఏ రంగు వేశారో రాయండి, దాన్నిబట్టి చెబుతాను.